10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి ఏ పెల్లెట్లు కొనాలి?

కొత్తగా నేర్చుకునేవాళ్లు చదును తల ఉన్న చవక పెల్లెట్లు (పిస్టల్‌లో వేసే చిన్న సీసపు గుండ్లు) ఎక్కువ డబ్బాలు కొనుక్కోండి. ఖరీదైన పోటీ పెల్లెట్ల వైపు ఇప్పుడే చూడొద్దు. నా సలహా ఇంతే. అయితే "చవక" అన్నానని ఏది దొరికితే అది తెచ్చేసుకుంటే పిస్టల్ పాడవుతుంది, లేదంటే ఆరోగ్యం పాడవుతుంది. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం తెచ్చినప్పటి నుంచి మన నెల్లూరు, ఒంగోలు వైపు కూడా పిల్లలు ఈ ఆట గురించి అడుగుతున్నారు. తల్లిదండ్రులు పిస్టల్ కొనేటప్పుడు పదిమందిని కనుక్కుంటారు. పెల్లెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం షాపువాడు ఏది చేతిలో పెడితే దానికే డబ్బులిస్తారు. లేకపోతే యూట్యూబ్‌లో రైఫిల్ కాల్చే వాళ్లెవరో మెచ్చుకున్న డబ్బా తెప్పించుకుంటారు. రెండోదే పెద్ద తప్పు. ఎందుకో కింద లెక్కతో చెప్తాను.

ఇక్కడ మాట్లాడేది గాలితో కాల్చే 4.5 మి.మీ. పెల్లెట్ల గురించి మాత్రమే. మందు దట్టించే తూటాల సంగతి వేరు. కాల్చిన ఖాళీ తూటాలకు మళ్లీ ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) ఎక్కించి, మందు నింపడం అమెరికాలాంటి చోట్ల చాలామంది ఇంట్లోనే చేసుకుంటారు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం. అక్కడి వీడియోలు చూసి ఆ జోలికి పోవద్దు.

ముందు ఆకారం

పెల్లెట్ బుడబుడక్కలవాడి డమరుకంలా ఉంటుంది: ముందు తల, మధ్యలో సన్నటి నడుము, వెనక లోపల డొల్లగా ఉండే పావడా. గాలి ఒత్తిడికి ఆ పావడా విచ్చుకుని గొట్టానికి అతుక్కుంటుంది. దాంతో గాలి పక్కల నుంచి జారిపోదు, గొట్టం లోపల మెలికలుగా చెక్కిన గాళ్లు (గాడులు) పెల్లెట్‌ను పట్టి తిప్పుతాయి.

తలని బట్టి నాలుగు రకాలు: చదును తల, గుండ్రటి తల, మొనదేలినది, తలలో గుంట ఉన్నది. పోటీకి పనికొచ్చేది చదును తల ఒక్కటే. అది టార్గెట్ పేపరును గుండ్రంగా, పంచింగ్ మిషన్ కొట్టినట్టు కోస్తుంది. గుండ్రటి తలది పేపరును చీల్చుకుని పోతుంది, రంధ్రం అంచులు మళ్లీ లోపలికి ముడుచుకుంటాయి. అది పాయింట్ల వృత్తం గీతను తాకిందా లేదా అని తేల్చేటప్పుడు గొడవ మొదలవుతుంది. మన దగ్గర చాలామంది సాధన ఇప్పటికీ పేపర్ల మీదే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. దూరం పెరిగితే గుండ్రటి తలే నిలకడగా పోతుంది, చదును తల గాలిలో తొందరగా వేగం కోల్పోతుంది. కానీ మనకి కావలసింది 10 మీటర్లే, ఆ దూరంలో ఆ తేడా లెక్కలోకి రాదు.

మొనదేలినవి, గుంట తలవి మనకి దండగ. ఉక్కు బీబీ గుండ్లు అసలు వేయకండి. గాళ్లున్న గొట్టంలో ఉక్కు గుండు వేస్తే గాళ్లు అరిగిపోతాయి. గట్టి వస్తువుకి తగిలితే తిరిగి కాల్చినవాడి ముఖం మీదికే వస్తుంది. సీసం మెత్తన కాబట్టి తగలగానే నలుగుతుంది. అయినా కళ్లజోడు లేకుండా కాల్చొద్దు.

రైఫిల్ వాళ్ల సలహా మనకెందుకు పనికిరాదంటే

ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో 10 పాయింట్ల వృత్తం వ్యాసం 0.5 మి.మీ., ఒక చుక్క. ఎయిర్ పిస్టల్‌లో అదే వృత్తం 11.5 మి.మీ. పెల్లెట్ అంచు గీతను తాకినా పాయింట్ వస్తుంది, పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. అంటే రైఫిల్‌లో పది రావాలంటే పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ కేంద్రానికి 2.5 మి.మీ. లోపల పడాలి. పిస్టల్‌లో 8 మి.మీ. లోపల పడితే చాలు. ఒకరి చేతిలో 5 మి.మీ. వెడల్పు వృత్తం ఉంటే ఇంకొకరి చేతిలో 16 మి.మీ. వృత్తం ఉందన్నమాట.

పైగా రైఫిల్ తొలి రౌండులోనే పాయింట్లను దశాంశాల్లో లెక్కిస్తారు. పిస్టల్ తొలి రౌండులో 60 షాట్లకు పూర్తి అంకెలే, గరిష్ఠం 600. దశాంశాలు ఫైనల్లోనే వస్తాయి. అక్కడ కూడా పిస్టల్‌లో దశాంశం ఒక మెట్టు మారాలంటే 0.8 మి.మీ. తేడా కావాలి, రైఫిల్‌లో 0.25 మి.మీ. చాలు. రైఫిల్ వాళ్లు పెల్లెట్లను ఒక్కొక్కటీ తూకం వేసి వేరు చేసుకోవడంలో అర్థముంది. పిస్టల్ పిల్లవాడు బంగారం తూచే కాటా కొనుక్కొచ్చి అదే పని చేస్తే ఆ గంట సాధన పోయినట్టే.

ఇంకో లెక్క చూడండి. పిస్టల్ మీద గురి చూసుకునే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య సుమారు 33 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు సైటు వెనక గాడిలో 1 మి.మీ. పక్కకి జరిగితే, 10 మీటర్ల దగ్గర ఆ తప్పు 30 మి.మీ. అవుతుంది. అంటే పది పడాల్సిన చోట ఏడు. మంచి స్థితిలో ఉన్న పోటీ పిస్టల్‌ను గట్టిగా బిగించి కాలిస్తే మామూలు చదును తల పెల్లెట్లు కూడా ఆ 16 మి.మీ. వృత్తంలో సుఖంగా ఇమిడిపోతాయి. ఏడు పడ్డప్పుడు మణికట్టు సంగతి, ట్రిగ్గర్ వేలి సంగతి చూసుకోవాలి కానీ డబ్బా మీద నెపం వేయకూడదు. "అన్నా, ఆ ఖరీదైన పెల్లెట్లు ఆర్‌10 వేస్తే పదులు పెరుగుతాయా?" అని అడిగే పిల్లలకి నా జవాబు ఒకటే: "530 దాటాక అడుగు అబ్బయ్యా, అప్పుడు మాట్లాడుకుందాం." 530 అనేది నేను పెట్టుకున్న హద్దు, ఏ రూల్ బుక్కులోదీ కాదు.

బరువు

పిస్టల్ కోసం చేసిన పెల్లెట్లు సాధారణంగా 0.45 నుంచి 0.50 గ్రాముల మధ్య ఉంటాయి. రైఫిల్‌వి 0.53 గ్రాముల దగ్గర. పిస్టల్ గొట్టం పొట్టిది, గాలి తక్కువ. వేగం సెకనుకు 150 మీటర్ల అటూ ఇటూ. తేలిక పెల్లెట్ గొట్టం నుంచి కాస్త ముందుగా బయటపడుతుంది, ఆ లోపు చెయ్యి కదిలే అవకాశం కాస్త తగ్గుతుంది. ఈ "కాస్త" నిజంగానే కాస్త. 0.53 డబ్బా ఇంట్లో ఉంటే పారేయాల్సిన పనిలేదు, సైటు మర రెండు మూడు క్లిక్కులు తిప్పి సర్దుకుని వాడేయండి. స్ప్రింగ్‌తో పనిచేసే పిస్టల్ అయితే మాత్రం మరీ తేలికవి వేయొద్దు. ముందు అడ్డం సరిగా లేక పిస్టన్ దడాలున కొట్టుకుంటుంది, స్ప్రింగ్, సీలు తొందరగా పోతాయి.

పేర్లు, ధరలు

జర్మనీ ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్లవి మూడు మెట్లున్నాయి: హాబీ, మైస్టర్‌కుగెల్న్, ఆర్‌10 మ్యాచ్. హాబీ 0.45 గ్రాముల చదును తల, సాధనకి బాగుంటుంది. మైస్టర్‌కుగెల్న్ మధ్య మెట్టు. ఆర్‌10 పోటీ సరుకు, పిస్టల్‌కి 0.45, రైఫిల్‌కి 0.53 వేరు వేరుగా వస్తాయి. కొనేటప్పుడు డబ్బా మీద చూసుకోండి, రెంటికీ పేరు ఒకటే. ఇంకో జర్మన్ కంపెనీ హెచ్‌అండ్‌ఎన్ వాళ్ల ఫినాలే మ్యాచ్ ఆర్‌10కి సరిజోడు. చెక్ దేశపు జేఎస్‌బీ మ్యాచ్‌లు కూడా అదే వరుసలోవి. స్పెయిన్ గామో మ్యాచ్ 0.49 గ్రాములు, హాబీతో పోల్చదగినది. వీటికి కింద మన దేశంలో చేసే చవక రకాలు ఉంటాయి.

పై మెట్టు వాటిలో ఏది గొప్ప అని వాదించుకునే వాళ్లుంటారు. మీ గొట్టానికి ఏది నప్పితే అదే గొప్ప, ఆ వాదన నేను పట్టించుకోను. కింది మెట్టులోనే జాగ్రత్త కావాలి. చవక డబ్బా తెరవగానే గుప్పెడు పెల్లెట్లు తెల్లగుడ్డ మీద పోయండి. నలిగిన పావడాలు, అంచుకి వేలాడే సీసం తునకలు, తలలు వంకరపోయినవి కనిపిస్తాయా చూడండి. అద్దం పలక మీద దొర్లిస్తే పావడా గుండ్రంగా ఉన్నది సాఫీగా చుట్టు తిరుగుతుంది, నలిగింది తడబడుతుంది. నూటికి నాలుగైదు తీసేయాల్సి వస్తే పర్లేదు. పిడికెడు తీసేయాల్సి వస్తే ఆ రకం మళ్లీ కొనొద్దు.

రోజుకి 60 షాట్లు, ముందు సరిచూసుకునే షాట్లు కలిపి 80 అనుకోండి. వారానికి అయిదు రోజులైతే 400, నెలకి 1600. అంటే 500 పెల్లెట్లుండే డబ్బాలు మూడు దాటి ఖర్చవుతాయి. పై మెట్టు పెల్లెట్లతో ఈ లెక్క నడిపితే ఏడాది తిరిగేసరికి ఎంతవుతుందో ఇంట్లో నాన్నగారికి చూపించి చూడండి. అదే డబ్బుతో చవకవి కాల్చి, మిగిలింది నెలనెలా కోచింగుకి పెట్టుకోవచ్చు. అసలు పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన, డ్రై ఫైరింగ్, పైసా ఖర్చు లేనిది. పోటీ పిస్టళ్లలో దానికోసం విడిగా ఒక మీట ఉంటుంది. స్ప్రింగ్ పిస్టల్‌లో మాత్రం ఖాళీగా కాల్చొద్దు.

తల సైజు, పరీక్ష

మంచి డబ్బాల మీద 4.49, 4.50, 4.51 అని అంకె ఉంటుంది. అది తల వ్యాసం, మి.మీ.లో. ఏది కొనాలో పిస్టల్ పేరు చూసి చెప్పలేం. ఒకే కంపెనీ, ఒకే మోడల్ పిస్టళ్లు రెండింటికి వేరువేరు సైజులు నప్పొచ్చు. వేలితో నెట్టినప్పుడు పెల్లెట్ కొద్దిపాటి ఒత్తిడికి లోపలికి కూర్చోవాలి. దానంతట అదే జారిపోతే చిన్నది, బలవంతంగా తోయాల్సి వస్తే పెద్దది. ఎటూ తోచకపోతే 4.50తో మొదలుపెట్టండి.

అసలు పరీక్ష పేపరు మీదే. పిస్టల్‌ని బిగించే యంత్రం మన దగ్గర ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి ఇసుక సంచీ మీద రెండు చేతులూ ఆనించి కాల్చాలి. డబ్బా మార్చిన ప్రతిసారీ మొదటి 20 షాట్లు లెక్కలోకి తీసుకోవద్దు. గొట్టంలో పాత పెల్లెట్ పూసిన సీసం పోయి, కొత్తది సర్దుకోవడానికి అంత పడుతుంది. తర్వాత ఒక్కో పేపరు మీద పది షాట్ల చొప్పున మూడు పేపర్లు. అయిదు షాట్ల గుంపు చూసి మురిసిపోవద్దు, అయిదు అదృష్టం కొద్దీ కూడా ఒకచోట పడతాయి. మూడు పేపర్లలో బాగున్నదాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేది అందరూ చేసేదే. ఎంచుకోవడానికి మాత్రం ఒక్కో డబ్బాకి అధ్వానంగా ఉన్న పేపరునే పక్కపక్కన పెట్టి పోల్చండి.

ఇంకో కిటుకు ఉంది. ఏ డబ్బాదో మీకు తెలియకుండా స్నేహితుడిని పెల్లెట్లు అందించమనండి. ఇది ఖరీదైన డబ్బా అని తెలిస్తే తెలియకుండానే శ్రద్ధ పెరుగుతుంది, గుంపు చిన్నదవుతుంది. పేరు దాచి కాల్చినప్పుడు చవకదానికీ ఖరీదైనదానికీ తేడా కనబడకపోతే మీ ఎంపిక అయిపోయినట్టే.

సీసం సంగతి

దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. పెల్లెట్లు సీసం. సీసం ఒంట్లో చేరితే పెద్దవాళ్లకీ మంచిది కాదు, పిల్లల మెదడు ఎదుగుదలకి ఇంకా చేటు, గర్భిణులకీ అంతే. చర్మం గుండా పెద్దగా పోదు. చేతుల నుంచి నోట్లోకి, దుమ్ము నుంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాబట్టి పెల్లెట్లు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి వేసే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మానేయాలి. కాల్చేటప్పుడు మధ్యలో మిక్చరు, బజ్జీలు తినొద్దు. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, శానిటైజర్‌తో సీసం పోదు. పెల్లెట్లు పడే పెట్టె చుట్టూ చీపురుతో ఊడవొద్దు, దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని విడిగా పెట్టండి. మేడ మీద గదిలో కాలుస్తుంటే ఒడియాలు, మిరపకాయలు ఆరబోసే వైపు ఈ పని పెట్టుకోవద్దు.

మన సముద్రపు గాలిలో ఇంకో చిక్కుంది. తేమకి సీసం మీద తెల్లటి పొడి లేస్తుంది. ఆ పొడి తేలిగ్గా రాలుతుంది, చేతులకి అంటుతుంది, గొట్టంలోనూ చేరుతుంది. డబ్బా మూత గట్టిగా పెట్టి, ఇంకో ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. కొత్త చెక్క బీరువాలోనూ, వెనిగర్ వంటి పుల్లటివి ఉండే అల్మరాలోనూ పెట్టొద్దు. ఆ ఆమ్లపు ఆవిరికి సీసం ఇంకా తొందరగా పొడిబారుతుంది. ఆవకాయ జాడీ పక్కన పెల్లెట్లు పెట్టకూడదనడానికి ఇది ఒక కారణం. రెండోది, ఆవకాయ మనం తినేది. తెల్లపొడి పట్టిన పెల్లెట్లు కడిగి వాడుకుందామనుకోవద్దు, తీసేయండి.

సీసం లేని పెల్లెట్లు కూడా ఉన్నాయి, తగరంతో చేసినవి. బరువు 0.35 గ్రాముల దరిదాపు, గట్టిగా ఉంటాయి, ధర ఎక్కువ. గట్టివి కాబట్టి గొట్టానికి సైజు సరిగ్గా కుదరకపోతే గుంపు చెదిరిపోతుంది, కొట్టిన చోట నుంచి వెనక్కి ఎగిరే అవకాశమూ ఎక్కువ. అంతర్జాతీయ నియమాల్లో సీసమే కాక ఇతర మెత్తటి పదార్థం పెల్లెట్లకీ అనుమతి ఉంది. పసిపిల్లలున్న ఇంట్లో, గాలి సరిగా ఆడని గదిలోనే సాధన చేయాల్సి వస్తే వీటి ధర భరించడం సబబే. బయట రేంజికి పోయి కాల్చేవాళ్లకి అవసరం లేదు.

కొనేముందు

4.5 మి.మీ. గొట్టం, 20 జౌళ్లు దాటని శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పోటీ పిస్టళ్లు దీనికి చాలా కిందే ఉంటాయి. 0.45 గ్రాముల పెల్లెట్ సెకనుకు 160 మీటర్ల వేగంతో పోతే లెక్కకి ఆరు జౌళ్లు కూడా రావు. అయినా బిల్లు, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. చూడటానికి అది నిజం పిస్టల్‌లాగే ఉంటుంది. ఆర్టీసీ బస్సులో సంచీలోంచి బయటికి తీస్తే జనానికి టెన్షన్, మీకు స్టేషన్. పల్లెల్లో ఎయిర్ గన్‌ని ఇంకా పిట్టల తుపాకి అనే అంటారు. ఆ పేరుకి తగ్గట్టు కొంగనో చిలుకనో కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. నేలపట్టుకి, పులికాట్‌కి వలస పక్షులొచ్చే మన వైపు దీన్ని తేలిగ్గా తీసుకోరు.

మన జిల్లాల్లో మంచి పెల్లెట్లు వీధి చివర దొరికే సరుకు కాదు. చాలామంది ఆన్‌లైన్‌లో తెప్పిస్తారు, లేదా చెన్నై పోయినప్పుడు తెచ్చుకుంటారు. ఆన్‌లైన్‌లో అయితే పార్శిల్ దారిలో కుదుపులకి పావడాలు నలిగి వస్తాయి. తెరిచేటప్పుడు వీడియో తీసుకుంటే తిప్పి పంపడం సులువు. మొదటిసారి మూడు రకాలు ఒక్కో డబ్బా కొనండి: ఒక స్వదేశీ చవక రకం, హాబీ లేదా గామో మ్యాచ్, మైస్టర్‌కుగెల్న్. పైన చెప్పిన పరీక్ష చేసి, నప్పిన దాన్ని ఒకేసారి ఆరేడు డబ్బాలు తెప్పించుకోండి. డబ్బా అడుగున లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే అంకె) ఉంటే అన్నీ ఒకే నంబరువి అడగండి. ఒకే పేరు మీద వచ్చినా లాట్ మారితే సైజు వెంట్రుకవాసి మారుతుంది.

జిల్లా, రాష్ట్ర పోటీలకు పోయేవాళ్లు పై మెట్టు డబ్బాలు రెండు మూడు పోటీ కోసమే దాచుకోండి, మిగతా రోజులు చవకవే. కాకపోతే పోటీకి వారం పది రోజుల ముందే ఆ డబ్బా తెరిచి దానితోనే సాధన చేయాలి. బరువు మారితే తగిలే చోటు కాస్త కిందికో మీదికో మారుతుంది. ఆ సైటు క్లిక్కులు ముందే ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టుకుంటే, పోటీ రోజున సరిచూసుకునే 15 నిమిషాలు సైటు తిప్పడానికే అయిపోవు.